గడప మీది రాగిపట్టీ

పోయిన మంగళవారం పొద్దున్నే పైడమ్మ ఫోన్ చేసింది. మామూలుగా ఆవిడ ఫోన్ చేస్తే మొదటి అరనిమిషం "అమ్మా, ఇనిపిస్తన్నాదా? ఇనిపిస్తన్నాదా?" అని అరవడంతోనే సరిపోతుంది. ఆ రోజు అరవలేదు. "సారు ఎల్లిపోనారమ్మా" అంది మెల్లిగా. నేను కాలేజీకి బయల్దేరే హడావుడిలో టిఫిన్ డబ్బా మూత నొక్కుతున్నాను. "ఎక్కడికి?" అనేశాను. అన్నాక అర్థమైంది. విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా బస్సులో కూర్చున్నంతసేపూ ఆ "ఎక్కడికి"ని తలుచుకుని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఎదుటివాళ్ళ మాట చెవిలో పూర్తిగా పడకముందే నోరు తెరవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దానివల్ల ఆయనకి ఒక నష్టం జరిగింది. అది చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నావల్ల కాదు.

ఆయన పేరు రాయను. పేరంటే ఆయనకి మహా మొహమాటం. మేం చేసిన పని గురించి ఏదైనా పత్రికలో పడితే తెచ్చి చూపించేవారు గానీ, తన పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకునేవారు. కిందెక్కడో మళ్ళీ పేరు వస్తే రెండో బొటనవేలు. మూడోచోట కూడా వస్తే కాగితం మడిచేసి "మిగతాది నానే సెప్తాను, ఇనండి" అనేవారు. ఆ మిగతాది పత్రికలో రాసినదాని కన్నా ఎప్పుడూ బాగుండేది.

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా, చర్చివాళ్ళ పాత బంగళా ఒకటి అద్దెకు తీసుకుని అందులో పని నడిపేవారు. మోచెయ్యంత మందం గోడలు. లోపల వేడి పెద్దగా మారదు కాబట్టి ఆ బంగళానే కావాలని పట్టుబట్టి తీసుకున్నారట. అంతకుముందు ఏళ్ళ తరబడి బెంగళూరులో పనిచేశారు, నాలుగు దేశాలు తిరిగారు. మాట మాత్రం ఈ జిల్లా పొలిమేర దాటలేదు. విదేశాల ఖగోళ శాస్త్రవేత్తలతో కంప్యూటర్లో మీటింగు జరుగుతుంటే, చక్కటి ఇంగ్లీషులో సమాధానం చెప్పి, మైకు ఆపడం మర్చిపోయి మావైపు తిరిగి "ఆడేటి అడిగినాడో మీకు తెలిసినాదేటి? నాకైతే తెల్నేదు" అనేవారు. అవతల ఆరుగురు తెల్లవాళ్ళు మర్యాదగా తలలూపుతూ ఉండేవారు.

బంగళాకి బోర్డు లేదు. లోపల నుంచి పంపుల చప్పుడు, అప్పుడప్పుడు తెల్లటి చల్లటి పొగ. చుట్టుపక్కల వాళ్ళు మేం ఫ్రిజ్‌లు బాగుచేస్తామని అనుకునేవారు. ఒకాయన నిజంగానే ఆటోలో ఫ్రిజ్ ఎక్కించుకుని వచ్చాడు. నేను నవ్వి పంపించేయబోయాను. సారు దాన్ని దించమన్నారు, వెనక్కి తిప్పించారు, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లీకు పట్టుకుని సరిచేసి పంపారు. ఆ పూట మా పని ఆగిపోయింది. "ఈయన ఫ్రిజ్‌ది పెద్ద లీకు. మనదైతే ఎంత వెతికినా దొరకదు. దొరికే లీకు ఒకటి సూస్తే పానానికి బాగుంటాది" అన్నారు.

మా పని ఏమిటో చెప్పాలి. ప్రపంచంలో కొన్ని కొండల మీద మహా పెద్ద టెలిస్కోపులున్నాయి. ఒక్కొక్కదాని అద్దం మా బంగళా హాలు కన్నా వెడల్పు. అంత అద్దం పెట్టినా నక్షత్రం చెదిరే కనిపిస్తుంది, పైనున్న గాలి ఎప్పుడూ కదులుతూ వెలుగుని అటూ ఇటూ తోసేస్తుంది కాబట్టి. అందుకని ఇంకో పల్చటి అద్దం పెట్టి, దాన్ని వెనకనుంచి మరలతో నొక్కుతూ లాగుతూ, గాలి ఎలా వంచితే సరిగ్గా దానికి ఎదురు వంపు తిప్పుతారు, సెకనుకి వెయ్యిసార్లు. ఏ క్షణాన ఎటు వంచాలో చెప్పడానికి ఒక కెమెరా కావాలి. కంటికి కనపడని వేడివెలుగుని, అంటే ఇన్‌ఫ్రారెడ్‌ని, చూసే కెమెరా. రెప్పపాటులో ఎన్నో వంతులో ఒక ఫొటో తీసి, అందులో ఏముందో చెప్పేసి, వెంటనే ఇంకోటి తియ్యాలి. అంత కొంచెం సేపట్లో దానిమీద పడే వెలుగు దాదాపు ఏమీ ఉండదు. ఆ కెమెరాని మేం నలుగురం, అంటే సారు, నేను, మరో ఇద్దరు ఇంజినీర్లు కలిసి చేసేవాళ్ళం.

ఈ సంగతి ఆయన నాకు ఇలా పాఠంలాగ చెప్పలేదు. చేరిన రెండో వారం, మంచి ఎండాకాలం, "రా అమ్మలూ, ఒకపాలి నౌపడ ఎల్లొద్దాం" అని బస్సెక్కించారు. మధ్యాహ్నం పన్నెండింటికి ఉప్పుమడుల గట్టు మీద నిలబెట్టారు. కళ్ళు తెరవలేనంత తెలుపు. దూరంగా ఒకతను పారతో ఉప్పు లాగుతున్నాడు.

"ఆ మనిషిని సూడు. ఎలగున్నాడు?"

"వణుకుతున్నట్టు ఉన్నాడు సార్."

"ఆడు వణకడం నేదు. గట్టిగానే ఉన్నాడు. నీకూ ఆడికీ మద్దిన గాలి ఊగుతన్నాది. గాలిని ఆగమని సెప్పలేం. ఆడిని కదలకని సెప్పక్కర్నేదు. ఇంక ఎవులికి సెప్పాల?"

నిజం చెప్పాలంటే నాకు తలనొప్పి వస్తోంది.

"సూసీ కన్నుకి సెప్పాల" అని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "ఓ బావా! ఒకపాలి ఇటు రావా!" అని కేకేశారు. అతను వచ్చి, సర్వేకి వచ్చారా అని అనుమానంగా అడిగాడు. కాదని తెలిశాక ఇద్దరూ గట్టుమీద కూర్చుని గంటసేపు ఉప్పు గురించి మాట్లాడుకున్నారు. ఏ గాలికి ఉప్పు గింజ కడుతుంది, ఏ గాలికి కరిగిపోతుంది, మడి మీద ఎండ మిలమిల్లాడే తీరు చూసి వాన ఎప్పుడొస్తుందో ఎలా చెబుతారు, ఇవే. సారు చిన్న పుస్తకంలో రాసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా ఒళ్ళో ఒక చిన్న మూట ఉప్పు పెట్టారు. ఇంజినీరింగు చదివింది ఉప్పు మొయ్యడానికా అని నేను టెక్కలి దాటేదాకా మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

ఆ ఉప్పు ఎర్తు గోతిలోకి. బంగళా వెనక గొయ్యి తవ్వి, రాగి పలక దించి, ఉప్పూ బొగ్గూ నింపాం. తడి ఆరితే అది పనిచెయ్యదు కాబట్టి రోజూ దాన్లో ఒక బిందె నీళ్ళు పొయ్యడం పైడమ్మ పని. పైడమ్మ మా దగ్గర ఊడ్చి, తుడిచి, టీ పెట్టే మనిషి. అక్కడి నుంచి ఒక రాగిపట్టీ గోడ కిందుగా వచ్చి, లోపలిగది చెక్క గడప మీద మేకులతో పరుచుకుని ఉండేది. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు పిడి పట్టుకుంటే వేలికి చిటుక్కుమంటుంది కదా, ఆ పాటి కరెంటు మనకేం కాదు. కెమెరాకి కన్నులాంటి చిన్న పలక ఒకటుంటుంది, డిటెక్టరు అంటాం. దానికి ఆ చిటుకు చాలు, చచ్చిపోవడానికి. అందుకని లోపలికి వెళ్ళే ఎవరైనా ముందు వంగి రాగిపట్టీని ముట్టుకోవాలి. డిటెక్టరు పట్టుకునేవాళ్ళు మణికట్టుకి ఒక పట్టీ కట్టుకుని, దాని తీగ చివరి క్లిప్పుని ఆ రాగికి తగిలించాలి. తగిలించాక మీటరు పెట్టి చూస్తే సన్నగా కూత వస్తుంది. కూత వచ్చిందంటే ఒంట్లో కరెంటు ఎప్పటికప్పుడు భూమిలోకి పోతోందని లెక్క. విని, పక్కనున్న పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టాలి. రోజూ పొద్దున్న సారు నన్ను అడిగే మొదటి మాట అదే: "కూత ఇన్నావా?"

అందరం గడపకి వంగి దణ్ణం పెట్టి లోపలికి వెళ్తున్నామని పైడమ్మ అనుకుంది. అనుకోదూ మరి! ఒక శుక్రవారం ఆవిడ మొహమాటపడుతూ, "బాబూ, మీరు సర్చికెల్లీవోరు గదా, అడగొచ్చో నేదో. ఇంతమంది మొక్కే గడప, ఒట్టిగా ఉంటే నాకు మనసు రావట్నేదు. కూసింత పసుపు రాసుకోనా?" అంది. సారు బాప్టిస్టు కుటుంబంవారు. ఆదివారం ప్రార్థన మానిన మనిషి కాదు. డబ్బా చల్లబడే రోజున మెల్లిగా కీర్తన పాడుకుంటూ, జ్వరం చూసినట్టు దాని మీద చేతి వెనకవైపు ఆనించి చూస్తూ ఉండేవారు. ఆయన నవ్వి, "తుడిసీది నువ్వు. నీ గడపే. రాసుకో. ఆ రాగి మీదికి మట్టుకి రానీకు" అన్నారు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం గడపకి రెండు చివర్లా పసుపు, మధ్యలో రాగి.

డబ్బా అంటే డిటెక్టరుని విపరీతమైన చలిలో ఉంచే ఉక్కుపాత్ర. వేడివెలుగుని చూసే కెమెరాకి వెచ్చగా ఉన్నదల్లా దీపమే. మన చెయ్యి, టీ గ్లాసు, గోడ, ఆఖరికి తన ఒళ్ళు కూడా. అందుకే దాన్ని అంత చల్లబరచాలి. అది చల్లబడటానికి రెండు రోజులు పట్టేది, అంతసేపు నాకు కాళ్ళు నిలిచేవి కావు. చల్లబడ్డాక నక్షత్రాన్నో దీపాన్నో చూపిస్తారనుకుంటే, మూత పెట్టి ఫొటోలు తియ్యమనేవారు. మొదటి మూడునెలలు నేను తీసినవన్నీ మూతపెట్టిన ఫొటోలే. "ఎదర ఏటీ నేకుండా ఉన్నప్పుడు ఇది ఏటి సెప్తాదో సూడు. దాని అబద్ధాలన్నీ ముందు తెలిసిపోవాల. అప్పుడు అది సెప్పీ నిజం నమ్మొచ్చు" అనేవారు. ఇంటికి వెళ్తే మా అమ్మ, "ఏం ఫొటోలు తీశావే ఈ వారం?" అని అడిగేది. నల్లటివి అని చెబితే ఉద్యోగం పోయిందనుకుని కంగారుపడేది.

ఆయన తిట్టగా నేను వినలేదు. ఎవరైనా తన తప్పు తనే పట్టుకుని వచ్చి చెబితే, ముఖం వెలిగిపోయి, "దొరికినాదా! మంచి పని సేసినావు" అని రోడ్డు మీది బండి నుంచి అందరికీ బజ్జీలు తెప్పించేవారు. ఒక ఇంజినీరు నల్లటి టేపు అతికించి వెలుగు రాదనుకున్నాడు. కంటికి నలుపేగానీ వేడివెలుగు దాన్లోంచి దర్జాగా వచ్చేసింది. పది రోజుల పని పోయింది. అతను చెమటలు కక్కుతూ వచ్చి చెబితే ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలతో పాటు పునుగులు కూడా వచ్చాయి. అలాంటి చోట పనిచేస్తూ నేను అబద్ధం ఆడాను.

నా మూడో ఏడాదిలో అసలైన డిటెక్టరు వచ్చింది. అంతవరకూ నాసిరకం పలకతో సర్దుకున్నాం. దీన్ని చేసేచోటు ప్రపంచంలో ఎక్కడో ఒకటి, దీనికోసం రెండేళ్ళు ఎదురుచూశాం. పెద్ద టెలిస్కోపు వాళ్ళు ఏడాది చివరకి కెమెరా అడిగారు. అప్పటికి ఇవ్వకపోతే మా చోటు ఇంకో దేశం వాళ్ళకి పోతుంది. కెమెరా అక్కడ అమర్చడానికి సారు స్వయంగా కొండ మీదికి వెళ్ళాలనుకున్నారు. ఎప్పుడూ ఏదీ కావాలని అనని మనిషి, ఆ ఒక్కటీ రెండుమూడుసార్లు అన్నారు: "ఒకపాలి అక్కడ నిలబడి సూడాల." సరిగ్గా ఆ వారం పంపు విడిభాగం కోసం ఆయన విశాఖపట్నం వెళ్ళాల్సి వచ్చింది. డిటెక్టరు డబ్బాలో పెట్టే పని నాకు అప్పగించి, "నీ సెయ్యి తిన్ననిది. కంగారు పడకు. కూత ఇను, పెట్టు" అని వెళ్ళారు.

అది శ్రావణ శుక్రవారం. సాయంత్రం విజయనగరంలో మా ఇంట్లో వ్రతం. అమ్మ పెట్టిన కొత్త పట్టుచీర కట్టుకుని వచ్చాను. లోపలికి నూలుబట్టలే కట్టుకోవాలన్నది మా నియమం. ఒక్కరోజుకేం అనుకున్నాను. బయట ముసురు. లోపల తడి లేకుండా మిషన్లు తిప్పడం వల్ల గాలి పొడిపొడిగా ఉంది. గడప చూస్తే కొత్త పెళ్ళికూతురులా ఉంది. పైడమ్మ శ్రావణమాసం కదాని పసుపు బదులు పసుప్పచ్చ రంగుడబ్బా తెచ్చి, గడపంతా వేసి, మధ్యలో ఎర్రచుక్కలు దిద్దింది. రాగి కూడా రంగు కిందికి పోయింది. క్లిప్పు తీసి, రంగు వేసి, సారు చెప్పిన మాట మరవకుండా క్లిప్పుని మళ్ళీ జాగ్రత్తగా ఎక్కడిదక్కడే తగిలించింది పాపం, రంగు మీదనే. నేను చూశాను. "ఎంత బాగుందో పైడమ్మా" అని కూడా అన్నాను. అంటుకుంటుందేమోనని చీర కుచ్చిళ్ళు పైకెత్తి గడప దాటాను. మీటరు బల్ల అవతలి చివర ఉంది. పట్టీ చేతికి కట్టుకున్నాను, మూడు గంటల బస్సు అందుకోవాలనుకున్నాను, పుస్తకంలో తొమ్మిదింపావు అని వేసి సంతకం పెట్టాను, డిటెక్టరు తీసి డబ్బాలో పెట్టాను. చిటుకు కూడా వినపడలేదు.

రెండురోజులు చల్లబడ్డాక సోమవారం మూత పెట్టి మొదటి ఫొటో తీస్తే, సగం పలక తెల్లగా వెలిగిపోతోంది. ఎన్నిసార్లు తీసినా అంతే. సగం చచ్చిపోయింది. సారు వచ్చి కూర్చుని ఆ ఫొటోలన్నీ మళ్ళీ ఒకసారి చూశారు. తరవాత లేచి ఒక్కొక్కటీ పరీక్ష చేసుకుంటూ గడప దగ్గరికి వచ్చారు. మీటరు పెట్టారు. కూత లేదు. మోకాళ్ళ మీద కూర్చుని గోటితో రంగు గీకి, రాగి మీద పెట్టారు. కూసింది. పుస్తకం తెరిచి శుక్రవారం పేజీ చూశారు. అప్పుడు నావైపు తిరిగారు. అడిగిన తీరు రోజూ అడిగే తీరే.

"అమ్మలూ, శుక్రవారం కూత ఇన్నావా?"

"విన్నాను సార్."

ఆలోచించి అన్న మాట కాదది. నోట్లోంచి జారిపోయింది. కానీ వెనక్కి తీసుకోవడానికి నాకు ఆ రోజంతా ఉంది, ఆ వారమంతా ఉంది.

టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ పైడమ్మ, "నాను తెల్లారకట్ల వచ్చి ఏసినాను బాబూ. అమ్మ రాకముందే..." అంది. అని నా మొహం చూసింది. "అమ్మ ఇన్నానంటే ఇన్నాదే గావాల. తరవాత ఏసినానేటో. నాకు గేపకం నేదు" అని ఏడ్చింది. చదువుకున్న మనిషి మాట ముందు ఆవిడ తన జ్ఞాపకాన్ని తనే కొట్టిపారేసుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను.

సారు లేచి ఆవిడ చేతిలో పళ్ళెం తీసుకుని బల్ల మీద పెట్టారు. "గడప నీది అన్నది నాను. రంగు తేవొద్దని సెప్పనిదీ నానే. ఒక్క మనిషి సంతకంతో సరిపెట్టిందీ నానే. ఇందల ఇంక మాటాడ్డానికి ఏటీ నేదు" అన్నారు మా ముగ్గురితో. టెలిస్కోపు వాళ్ళకి పంపిన నివేదికలోనూ తప్పు తనదని అంతే రాశారు. పేరు కనిపిస్తే వేలు అడ్డం పెట్టే మనిషి, అక్కడ మాత్రం పూర్తిపేరు రాశారు.

మా చోటు పోయింది. మరో దేశం వాళ్ళ కెమెరా వెళ్ళింది. మాకు ఇంకో డిటెక్టరు వచ్చి, అంతా మళ్ళీ కట్టి, ఇంకో టెలిస్కోపు ఒప్పుకునేసరికి మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళలో సారుకి గుండెజబ్బు బయటపడింది. గాలి పల్చగా ఉండే అంత ఎత్తుకి వెళ్ళడానికి వీల్లేదని డాక్టరు చెప్పేశాడు. ఆయన బదులు నేను వెళ్ళాను. విమానం ఎక్కేముందు నాకో ఉన్నిటోపీ ఇచ్చారు. ఆయన తనకోసం ఎప్పుడో కొనిపెట్టుకున్నదట.

అక్కడ వాళ్ళకి రాత్రి, ఇక్కడ మనకి పొద్దున్న. మా కెమెరా మొదటిసారి నక్షత్రాన్ని చూసింది. తెర మీద అది తడిలో పడ్డ సిరాచుక్కలా చెదిరి ఉంది. అద్దాన్ని మా కెమెరా చెప్పినట్టు నడవనిచ్చారు. అంతే, చెదిరినదంతా దగ్గరికి చేరి చుక్కగా నిలబడింది. పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను సారుకి ఫోన్ చేసి, "సార్, నిలబడింది" అని ఏడ్చేశాను.

"మూత పెట్టి సూసినావా ముందు?"

"చూశాను సార్. నాలుగుసార్లు."

"మరింకేటి. ఏడుపెందుకు?"

ఆయన నిలబడాల్సిన చోట నేను నిలబడి ఉన్నాను. "సార్, మీకు ఒక మాట చెప్పాలి" అన్నాను.

"సెప్పమ్మా" అన్నారు.

అటునుంచి ఏమీ వినిపించలేదు. తొందర పెట్టలేదు, హలో అనలేదు. ఫోన్ కట్టయిందేమోనని నేనే తెర చూసుకున్నాను. కట్ కాలేదు. ఆయన వింటున్నారు.

"ఇక్కడ చలి ఎక్కువగా ఉంది సార్" అన్నాను.

కొంచెం ఆగి, "టోపీ ఎట్టుకో అమ్మా" అన్నారు.

రెండేళ్ళ కిందట ఈ కాలేజీ ఉద్యోగం వచ్చి నేను విజయనగరం వచ్చేశాను. ఆదివారం ఆదివారం ఆయనకి ఫోన్ చేసేదాన్ని. అన్నీ మాట్లాడుకున్నాక "ఇంకేటమ్మా?" అని ఆగేవారు. పెద్దవాళ్ళకి ఫోన్ పెట్టెయ్యాలనిపించదు, అందుకని సాగదీస్తారని అనుకునేదాన్ని. "ఇంకేం లేదు సార్, ఉంటాను" అని పెట్టేసేదాన్ని. అన్నిటికీ పరుగులు పెట్టే నేను ఆ ఒక్క మాటకీ తొమ్మిదేళ్ళు తీసుకున్నాను.

మంగళవారం సాయంత్రం ఆయన్ని సమాధుల తోటలో దించి వచ్చాక, అందరూ వెళ్ళిపోయాక, బంగళా వరండాలో నేనూ పైడమ్మా మిగిలాం. ఆవిడ టీ తెచ్చి చేతికిచ్చి పక్కన కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఆవిడకీ ఇంకెన్నాళ్ళుందో అని భయం వేసింది. చెప్పేశాను. ఆ రోజు నేను మీటరు ముట్టుకోలేదని, ఆవిడ గడపకి రంగు వేసింది పొద్దున్నేనని, నా మొహం చూసి ఆవిడ మాట మార్చుకుంటే నేను నోరు మూసుకున్నానని, అన్నీ.

పైడమ్మ కొంగుతో మోకాలి మీది దుమ్ము దులుపుకుంది. "నాకు తెలుసమ్మా" అంది.

"ఎలా?"

"ఆ వారంలోనే సారు నన్ను పిలిసి సెప్పీసినారు. 'పైడమ్మా, నువ్వు తెల్లారకట్లే ఏసినావు. నీ గేపకం తప్పు కాదు. ఏడవకు' అన్నారు. తడిరంగుకి నీ పట్టుసీర జరీపోగు లోపలి దిక్కుకి ఈడ్సుకుని అంటుకుని ఉన్నాదట. రంగు గీకినప్పుడు దొరికినాది. నువ్వొచ్చినప్పుడికే రంగున్నాదని తెలిసిపోనాది గదా మరి."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"నాకు కోపం నేదనుకోకు. ఉన్నాది. రోజూ నీకు టీ ఇచ్చినప్పుడల్లా ఉన్నాది" అంది. "ఆ అమ్మని పిలిసి నాలుగు సీవాట్లు ఎయ్యండి అన్నాను సారుతోటి. ఆయనేటన్నారో తెలుసా? 'ఒకపాలి అడిగినాను పైడమ్మా. ఇంకోపాలి అడిగితే ఒప్పుకుంటాది. అది సెప్పడం అవదు, దొరికిపోవడం అవుతాది. దానంతటది వచ్చి సెప్పుకుంటే దానికి బాగుంటాది. నువ్వూ అడక్కు' అన్నారు. అడగనేదు నాను."

"తరవాత మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి అనలేదా?"

"అనకపోవడమేటి? నువ్వు ఆదివారం ఫోన్ సేస్తావు గదా. నువ్వు పెట్టీసినాక నానడిగీదాన్ని, 'సెప్పినాదేటి బాబూ?' అని. 'ఈ వారం నేదు' అనీవోరు."

"మొన్న ఆదివారం కూడా అడిగావా?"

పైడమ్మ నావైపు చూడలేదు. "అడిగినాను" అంది.

మొన్న ఆదివారం నేను ఆయనతో మా కాలేజీ ల్యాబులో ఫ్యాన్లు తిరగడం లేదని పావుగంట మాట్లాడాను. "ఇంకేటమ్మా?" అన్నారు. ఇంకేం లేదన్నాను.

సార్, ఆ శుక్రవారం నేను పరీక్ష చెయ్యలేదు. చేశానని మీకు అబద్ధం చెప్పాను.